తట్టి చూసిన పలకలు

మా బావకి పని రాదని మా పాత యజమాని ఇప్పుడు కనపడిన ప్రతి మనిషికీ చెబుతున్నాడట. ఆ మాట నా దాకా వచ్చినప్పటి నుంచి ఒళ్ళు మండిపోతోంది. ఆ మంట మీదే రాస్తున్నాను కాబట్టి మాట కాస్త పెళుసుగా ఉంటే ఉండనివ్వండి. మెత్తగా రాసేవాళ్ళు వాళ్ళ బావల గురించి వాళ్ళు రాసుకుంటారు.

బావ అంటే మా అక్క భర్త. సముద్రంలో అలల మీద నిలబడి జారేవాళ్ళ కాళ్ళ కింద ఒక పలక ఉంటుంది చూడండి, సర్ఫ్ బోర్డు, ఆ పలకలు చెక్కే మేస్త్రీ. అసలు వడ్రంగి. తలుపులు, కిటికీలు, మంచాలు చేసుకుంటూ బతికేవాడు. పెళ్ళయిన కొత్తలో అతని చిత్రిక పనితనం చూసి, సర్ఫ్ బోర్డుల కార్ఖానా పెట్టిన పెద్దమనిషి పిలిచి పనిలో పెట్టుకున్నాడు. తమాషా ఏమిటంటే మా బావకి ఈత రాదు. మోకాళ్ళ లోతు దాటి ఏనాడూ నీళ్ళలో దిగలేదు. ఒడ్డున కూర్చుని, జారేవాళ్ళని చూసి చూసి, పలక ఎక్కడ సన్నబడాలో ఎక్కడ వంపు తిరగాలో నేర్చుకున్నాడు.

"ఈత రానివాడు చేసిన పలక ఎక్కడానికి వాళ్ళకి భయం లేదా బావా?" అని ఏడిపించేదాన్ని.

"భయం వాళ్ళకెందుకు మిరపకాయా, వాళ్ళ వంతు కూడా నేనే పడుతున్నాగా," అనేవాడు.

మిరపకాయ అంటే నేనే. ఆ పేరెందుకు వచ్చిందో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

నేనూ అదే కార్ఖానాలో రెజిన్ గదిలో పనిచేసేదాన్ని. పని సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే జరిగిన ఘోరం అర్థం కాదు. సర్ఫ్ బోర్డు లోపలంతా ఫోం. మనిషి కన్నా పొడుగ్గా, తెల్లగా, తేలిగ్గా ఉండే ఫోం దిమ్మలు వేరే కర్మాగారం నుంచి మాకు వచ్చేవి. దిమ్మ మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి చెక్క బద్ద అతికించి ఉంటుంది. అది దానికి వెన్నెముక. బావ ఆ దిమ్మని కరెంటు చిత్రికతో చెక్కి పలక చేస్తాడు. తర్వాత అది నా గదికి వస్తుంది. నేను దాని మీద గాజు దారాలతో నేసిన గాజు గుడ్డ పరిచి, రెజిన్ అనే చిక్కటి జిగురు పోసి, రబ్బరు బద్దతో సమంగా లాగి, గట్టిపడేదాకా కాపలా కాస్తాను. గట్టిపడ్డాక లోపల ఏముందో ఎవరికీ కనపడదు. పైన తట్టినా గాజు చప్పుడే తప్ప ఇంకేమీ తెలియదు.

అందుకని చెక్కకముందే దిమ్మని పరీక్ష చేయాలి. ఆ పరీక్ష బావది. దిమ్మ మీద చెవి ఆనించి, వంచిన వేలి కణుపుతో ఒక చివరి నుంచి రెండో చివరిదాకా తట్టుకుంటూ పోతాడు. లోపల నిండుగా ఉంటే ఒక చప్పుడు, గుల్లగా ఉంటే ఇంకో చప్పుడు. బాగుంటే సుద్దతో ఒక గీత గీస్తాడు. కళ్ళు మూసుకుని అలా తట్టుకుంటూ పోయే మనిషిని చూడటానికే సర్ఫింగ్ చేసే కుర్రకారు వచ్చి గుమ్మంలో నిలబడేవారు. తమ పలకకి దిమ్మ ఎంచేటప్పుడు దగ్గరుండి చూడటం వాళ్ళకి ఒక ముచ్చట. మా యజమాని ఊరుకుంటాడా! వంచిన వేలి బొమ్మ గీయించి, కింద 'తట్టి చూసిన పలకలు' అని రాయించి గేటు మీద పెట్టించాడు. అమ్మే ప్రతి పలక మీదా ఆ వేలి స్టిక్కరే. వేలు మా బావది, పేరు మాత్రం ఆయనది.

ఆ యజమానికి మేము పెట్టుకున్న పేరు సర్దుబాటు గారు. ఏది అడిగినా సర్దుకుపోదాం అనేవాడు. అయితే ఆ సర్దుకునేది ఎప్పుడూ మేమే, ఆయన కాదు. బావ చెక్కే గది ఇరుకుగా, పొడుగ్గా ఉంటుంది. ఫోం మీద ఎగుడుదిగుళ్ళు నీడ పట్టి తెలియాలని గోడలకి ముదురు నీలం రంగు వేసి, రెండు పక్కలా నడుమెత్తులో ట్యూబ్‌లైట్లు పెట్టారు. ఆ గదిలో కరెంటు చిత్రిక మొదలైతే ఆ కూత పళ్ళలోకి పోతుంది. నేను గుమ్మంలో కాసేపు నిలబడితే తల దిమ్మెక్కిపోయేది. బావ ఏళ్ళ తరబడి అందులోనే ఉన్నాడు. చెవులకి పెట్టుకునే మూతలు కొనిపెట్టమని అడిగాడు.

"చూద్దాం మేస్త్రీ. ఈ నెలకి దూదితో సర్దుకో," అన్నాడు ఆయన.

ఆ నెల ఎప్పటికీ అయిపోలేదు. దూది మాత్రం అక్క ఇంటి నుంచి పంపేది.

ఇంతలో దిమ్మలు పోసే కర్మాగారం మూతపడుతుందని వదంతి పుట్టింది. సర్దుబాటు గారు ఉన్నపళంగా దొరికినన్ని దిమ్మలు కొనిపడేసి, కార్ఖానా వెనక గోడౌను నింపేశాడు. ఎండ తగిలితే ఫోం పసుపెక్కుతుంది. అందుకని కిటికీలకి నల్ల గుడ్డలు, దిమ్మల మీద దుప్పట్లు, తలుపుకి తాళం. అంతవరకూ బాగానే ఉంది. కొన్నాళ్ళకి దిమ్మలు కొంత వాడేసరికి గోడౌనులో ఒక పక్క ఖాళీ అయింది. ఖాళీ చోటు చూస్తే ఆయనకి నిద్ర పట్టదు కదా, కోళ్ళ దాణా అమ్మే మనిషికి అద్దెకిచ్చాడు. మధ్యలో గోడ లేదు, ఒక పరదా.

"సార్, దాణా ఉన్నచోట పురుగు చేరుతుంది," అన్నాడు బావ.

"పురుగు ఫోం తింటుందా మేస్త్రీ? నవ్విపోతారు ఎవరన్నా వింటే. సర్దుకుపోదాం."

నిజమే, పురుగు ఫోం తినదు. ఆ సంగతి తర్వాత మాకూ తెలిసింది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక పలక మీద గాజు గుడ్డ పరిచి రెజిన్ పోస్తున్నాను. పోసిన చోట పోసినట్టే ఇంకిపోయింది. ఇంకాస్త పోశాను. అదీ పోయింది. దాహంతో ఉన్న మనిషి గొంతులో పోసినట్టే ఉంది. తర్వాత అడుగు నుంచి బుడగలు రావడం మొదలుపెట్టాయి, ఒకదాని వెనక ఒకటి. గుడ్డ ఎత్తి చూద్దునుగా, బావ పుట్టీ పెట్టి పూడ్చిన చిన్న చిల్లి మళ్ళీ తెరుచుకుంది. దిమ్మలు పోసేటప్పుడు గాలి బుడగలు మిగిలి అలాంటి చిల్లులు రావడం మామూలే, అందరూ పుట్టీతో పూడుస్తారు. కానీ ఆ చిల్లిలోంచి ఒక నల్లటి పెంకుపురుగు పైకి తేలింది. బియ్యపు గింజంత ఉంటుందేమో. రెజిన్‌లో కాళ్ళు కొట్టుకుంటోంది.

ఆ పురుగుని కాగితం ముక్క మీదకి ఎత్తి బావ దగ్గరికి పరిగెత్తాను. బావ చూసి చిత్రిక ఆపేశాడు. ఇద్దరం గోడౌనుకి వెళ్ళాం. దుప్పట్లు తీశాం. దిమ్మల కింద నేల మీద తెల్లటి పొడి కుప్పలు కుప్పలుగా పడి ఉంది. ఎన్నాళ్ళుగా ఉందో! మా కార్ఖానాలో తెల్లపొడి లేని చోటంటూ లేదు. మా కనుబొమ్మల మీద, టీ గ్లాసుల్లో, అక్క ఉతికే బట్టల నీళ్ళలో అంతా ఆ పొడే. చిత్రిక రాల్చిన పొడి ఏదో పురుగు రాల్చిన పొడి ఏదో ఎవరు చెప్పగలరు? అందరం దాన్ని తొక్కుకుంటూనే తిరిగాం.

బావ ఒక దిమ్మని దించి బల్ల మీద పెట్టి, చెవి ఆనించి తట్టడం మొదలుపెట్టాడు. టక్, టక్, టక్. నడుం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారిపోయింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వచ్చింది. కాస్త దూరంలో నిలబడ్డ నాకే స్పష్టంగా వినపడింది. బావ అలాగే తట్టుకుంటూ చివరిదాకా వెళ్ళి, జేబులోంచి సుద్ద తీసి గీత గీశాడు.

"ఇది బాగానే ఉంది. దీనికి పట్టలేదు," అన్నాడు.

నన్ను ఆట పట్టిస్తున్నాడేమో అనుకున్నాను. ఆ మొహంలో ఆట లేదు.

"బావా, అది డొల్ల."

"ఏంటి?"

"డొల్ల! నడుం దగ్గర డొల్ల!" అని అరిచాను.

రంపం తెచ్చి నేనే అడ్డంగా కోశాను. చెక్క బద్దకి రెండు పక్కలా వేలు దూరేంత సొరంగాలు. వాటి నిండా పసుపుపచ్చ పురుగులు, కొన్ని తెల్లగా ముడుచుకుని పడుకున్నవి, కొన్ని రెక్కలొచ్చి నల్లబడ్డవి. వెలుతురు తగలగానే బిలబిలమంటూ బల్ల మీదకి రాలాయి. బావ వాటిని చూడటం లేదు. తను గీసిన సుద్ద గీత వంక చూస్తున్నాడు.

"ఎప్పట్నుంచి బావా?" అన్నాను, అతనికి నా మొహం కనపడేలా ఎదురుగా వచ్చి.

"తెలీదు. ఒక్కరోజులో పోలేదుగా. ముందు సన్న చప్పుళ్ళు పోయాయి. తర్వాత మాటలు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి చెప్పేస్తా. వెనకనుంచి పిలిస్తేనే చిక్కు."

"మరి ఈ తట్టడం?"

"వేళ్ళకి తెలుస్తోంది అనుకున్నా. ఇన్నేళ్ళలో ఒక్క పలక కూడా వెనక్కి రాలేదు కదా."

ఎందుకు వస్తుంది? కర్మాగారం నుంచి మంచి దిమ్మలే వచ్చేవి. ఎవరు తట్టినా బాగానే ఉండేవి. కార్ఖానాలో మేమంతా చిత్రిక కూత మీద అరుచుకునే మాట్లాడుకుంటాం కాబట్టి అతను గట్టిగా మాట్లాడటం కూడా ఎవరికీ వింతగా తోచలేదు. అలా ఆ పరీక్ష ఉత్త తంతుగా మిగిలిపోయింది. పురుగు పట్టాక కూడా బావ అలాగే తట్టాడు, అలాగే గీతలు గీశాడు. ఆ గీతల పలకలు అప్పటికే చాలా బయటికి వెళ్ళిపోయాయి. వాటి మీద ఎవరి పిల్లలో నీళ్ళలో ఉన్నారు.

పలకలు మామూలుగానూ విరుగుతాయి, కాదనను. కానీ మంచి పలక ముందు చీలుతుంది, నలుగుతుంది, మనిషికి తెలుస్తుంది. వెన్ను పక్కన డొల్ల అయిన పలక అలా చెప్పదు. పెద్ద అల మీద కాళ్ళ కిందే ఫట్‌మని రెండవుతుంది. విరిగిన గాజు అంచు కత్తి లాంటిది. ఆ అంచు ఎవరి మెడకైనా తగలొచ్చు.

దాణా మనిషిని పిలిచి పురుగుని చూపించాను.

"ఇవా? కోళ్ళ షెడ్ల నుంచి బస్తాలతో వస్తాయండి. ఎప్పుడూ ఉండేవే," అన్నాడు తాపీగా. "ఇవి మీ దిమ్మల్ని తినవు. తిండి మా దాణాలో తింటాయి. రెక్కలొచ్చే ముందు కదలకుండా పడుకోవాలి కదా, దానికి మెత్తటి చోటు చూసుకుని తొలుస్తాయి, అంతే."

"మరి ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"పరదా అవతల దుప్పట్ల కింద ఏముందో నాకేం తెలుసమ్మా? పరుపులేమో అనుకున్నా."

అతని మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆకలేసి తిన్నాయంటే పురుగుల మీదైనా జాలి పడేదాన్ని. పక్కన తిని వచ్చి మా బావ బతుకులో పడుకున్నాయి.

సర్దుబాటు గారి గదికి వెళ్ళాం. అద్దాల బల్ల, చల్లగాలి మిషను, మూలన వేలి బొమ్మ స్టిక్కర్ల చుట్టలు. కోసిన దిమ్మ ముక్కని బల్ల మీద పెట్టాను. ఒక పురుగు అద్దం మీద చకచకా నడిచింది. ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"సరే. పుట్టీ పెట్టండి. పైన రంగులు వేసేద్దాం. ఇప్పుడు అందరూ రంగువే అడుగుతున్నారు."

"అమ్మేసినవి సార్?" అన్నాడు బావ.

"అమ్మేసినవి అమ్మేసినవే."

"నీళ్ళలో విరిగితే?"

"అలలకి మంచివి మాత్రం విరగట్లేదా మేస్త్రీ?" అంటూ ఆయన తల వంచి కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అలా తల వంచుకునే ఇంకేదో అన్నాడు.

"ఇంకోసారి చెప్పండి సార్," అన్నాడు బావ.

ఆయనకి అది ఎదురు తిరిగినట్టు తోచింది. తలెత్తి, ఒక్కో మాటే ఒత్తి పలికాడు. "ప్రతి దిమ్మ మీదా నీ గీతే ఉంది అంటున్నా. జనం పురుగుల్ని అడగరు, నిన్ను అడుగుతారు. నోరు మూసుకుంటే నీకే మంచిది."

బావ ఊరుకుంటే సరిపోయేది. నెల తిరిగేసరికి జీతం వచ్చేది, మేస్త్రీ మేస్త్రీ అని జనం గౌరవించేవారు, పురుగుల సంగతి గోడౌనులోనే ఉండిపోయేది. ఆ గదిలో నిలబడి నేనూ అదంతా ఆలోచించాను.

"నాకు చెవులు వినపడవు సార్," అన్నాడు బావ. "ఆ గీతలు నమ్మొద్దని చెప్పాలి. పలకలన్నీ వెనక్కి తెప్పించాలి."

సర్దుబాటు గారి మొహం చూడాలి మీరు. ముందు తెల్లబోయాడు. తర్వాత నెమ్మదిగా వెలిగింది. దారి దొరికిందన్న వెలుగు అది.

"ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశావన్నమాట! చెవిటివాడివై ఉండి నా కంపెనీ పేరు మీద తట్టావా? నీ తప్పుకి నేను పలకలు వెనక్కి తీసుకోవాలా? ఒక్కడికి ఈ మాట చెప్పావంటే చూడు. పో. రేపటినుంచి రాకు."

అప్పుడు నాకు ఆగలేదు. "ఆ చెవులు ఎక్కడ పోయాయి? మీ చిత్రిక గదిలో కాదూ పోయింది? మూతలు అడిగితే దూదితో సర్దుకోమన్న నోరు ఇదే కదూ? దాణాని దిమ్మల పక్కన పెట్టింది ఎవరు? పెట్టొద్దని చెప్పింది ఎవరు?"

"నువ్వు కూడా రేపటినుంచి రానక్కర్లేదు."

"రేపటిదాకా ఎందుకు?" అని ఏప్రన్ విప్పి బల్ల మీదకి విసిరాను. ఏళ్ళ తరబడి రెజిన్ కారి కారి బిరుసెక్కిన ఏప్రన్ అది. పడటానికి బదులు ఆయన ఎదురుగా నిటారుగా నిలబడింది. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. బావకి మాత్రం రాలేదు.

ఇంటికి వెళ్ళి అక్కకి చెప్పాం. అక్క చేతిలో కంచాలు ఉన్నాయి. వాటిని అక్కడే కింద పెట్టింది.

"ఇన్నేళ్ళూ నేను పిలిస్తే పలకట్లేదని, నా మాట అంటే లెక్కలేదని, ఎన్నిసార్లు తలుపేసుకుని ఏడ్చానో తెలుసా?" అంది అతని వీపు చూస్తూ. బావ చెప్పులు విప్పుకుంటున్నాడు. వినపడలేదు. అక్క చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, అతని గడ్డం పట్టుకుని పైకెత్తి, మళ్ళీ మొదటి నుంచీ అంతా చెప్పింది. "చెవిటితనం దాచుకోవడానికి నేనే దొరికానా మీకు? మొగుడికి నేనంటే ఇష్టం లేదనుకుని బతికానండీ!"

"చెబితే పని పోతుందని," అన్నాడు బావ.

"ఇప్పుడు పోలేదూ?"

ఆ పూట ఎవరం సరిగా తినలేదు. తెల్లారాక అక్కే ముందు లేచి, రంపాన్ని గుడ్డలో చుట్టి బావ చేతికిచ్చింది. "ఆ పలకలెక్కే పిల్లల అమ్మలకీ నాలాగే ఏమీ తెలియదు కదా. వెళ్ళి చెప్పండి," అంది.

సముద్రం ఒడ్డున అప్పటికే జారేవాళ్ళు పోగయ్యారు. ఎవరి పలక ఏదో, ఏ దిమ్మ నుంచి చెక్కాడో బావకి మనుషుల మొహాలతో సహా గుర్తే. పురుగు చేరాక చేసిన పలకలు పట్టుకున్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పిలిచి నిలబెట్టాడు. "నేను తట్టి చూశానని మీరు కొన్నారు. నాకు చెవులు వినపడవు. ఈ పలకల లోపల పురుగు ఉండొచ్చు. నీళ్ళలోకి వెళ్ళొద్దు," అన్నాడు. చెవిటివాళ్ళు మాట్లాడేంత గట్టిగా అన్నాడు. ఒడ్డున పల్లీలు అమ్మేవాడు కూడా తిరిగి చూశాడు. ముందు నవ్వారు. మేస్త్రీ ఈ వేళ హాస్యం ఆడుతున్నాడు అన్నారు. బావ ఒకతని పలక అడిగి తీసుకుని, ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని, నడుం దగ్గర అడ్డంగా కోశాడు. పురుగులు ఇసకలోకి రాలాక ఎవరూ నవ్వలేదు.

తర్వాత పలకలు ఒకటొకటిగా వచ్చాయి. ఇచ్చేవాళ్ళు ఊరికే ఇవ్వలేదు. ఒకడు బావ మొహం మీదే ఉమ్మినంత పని చేశాడు. ఒకడు, నీ వేలి బొమ్మ చూసి మోసపోయామయ్యా అన్నాడు. కంపెనీకి వెళ్ళి అడిగితే సర్దుబాటు గారు గేటు దాటి రాలేదట. మేస్త్రీ చెవిటివాడని మాకు తెలియదు, మేమూ మోసపోయాం అని కాపలావాడి చేత చెప్పించాడట. ఆ మాట నాకు చెప్పిన కుర్రాడి మీదే విరుచుకుపడ్డాను పాపం. "మళ్ళీ చేసిస్తావా?" అని అడిగినవాళ్ళకి బావ, "చేస్తా. ఎప్పుడో చెప్పలేను," అని ఉన్నదున్నట్టు చెప్పాడు. కొన్నింటిలో పురుగు ఉంది. కొన్నింటిలో లేదు. కోస్తే తప్ప తెలియదు కాబట్టి అన్నీ కోశాడు.

ఒడ్డుకి రాని పలక ఒకటి మిగిలింది. అది బట్టలు కుట్టే ఆవిడ కూతురిది. ఆ అమ్మాయి మర్నాడు పోటీకి వెళ్ళాల్సి ఉంది, అందుకని ఆ రోజు నీళ్ళలోకి దిగలేదు. వాళ్ళ ఇల్లు ఇరుకు సందులో, ముందు గదిలోనే కుట్టు మిషను. పలకని గోడకి ఆనించి, మాసిపోకుండా పాత చీర కప్పి ఉంచారు. ఆ పలక కొనడానికి ఆవిడ ఎంత కుట్టిందో ఆవిడ వేళ్ళు చూస్తే తెలుస్తుంది. నేను రెజిన్ పోసిన పలకే అది. చాలా బాగా వచ్చిందని అప్పట్లో మురిసిపోయాను కూడా.

బావ తను చెప్పాల్సింది చెప్పాడు. ఆ ఉదయం నుంచి ఎన్నోసారో. మొదటిసారి చెప్పినప్పటి తడబాటు ఇప్పుడు లేదు గానీ గొంతు బొంగురుపోయింది.

"మీ తట్టుడు చూసే కొన్నాం," అంది ఆవిడ. "అమ్మాయి పక్కనే నిలబడి చూసింది. బాగుందని మీరే గీత గీశారు. మీ చేతి పని మీద నాకు నమ్మకం ఉంది. రేపు పోటీ అయ్యాక చూద్దాం."

"నా గీతని నమ్మొద్దమ్మా."

"రేపటి దాకా ఆగలేరా?"

"రేపే కదమ్మా పెద్ద అలలు ఎక్కేది."

ఆవిడ మిషను ముందు నుంచి లేచి పలకకి అడ్డంగా నిలబడింది. అమ్మాయి తల్లిని చూసింది, బావని చూసింది. చీర తీసేసి, పలకని తనే మోసుకొచ్చి గడప బయట పెట్టింది. పెట్టి, తనే ఒక చివర పట్టుకుంది, కోసేటప్పుడు కదలకుండా. బావ రంపం పెట్టాడు. గాజు తెగేటప్పుడు కీచుమని చప్పుడు. ఆ చప్పుడుకి సందులో తలుపులు తెరుచుకున్నాయి.

పలక రెండైంది. లోపల తెల్లగా, నిండుగా ఉంది. చెక్క బద్ద పక్కన సూది మోపే సందు కూడా లేదు. పురుగు లేదు, పొడి లేదు. బావ నమ్మలేక ఇంకొంచెం కింద కోశాడు. అక్కడా అంతే. చక్కటి పలక. అతను చేసినవాటిలోకల్లా మంచిది అదేనేమో.

ఆవిడ నెత్తి కొట్టుకుంది. "నిక్షేపంలాంటి పలకని నాశనం చేశావు కదయ్యా! నీ చెవులు పోతే నా బిడ్డ ఏం చేసింది? రేపు దేని మీద వెళ్తుంది? నీ చేతులు పడిపోను! నువ్వు మనిషివేనా? నీ ఇంట్లో పిల్లలు ఉంటే తెలిసేది!" ఇంకా చాలా అంది. రాయడానికి నాకు చేతులు రావు. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి చేరారు, వాళ్ళూ తలో మాట వేశారు.

బావ కోసిన చోట చెయ్యి పెట్టి తడుముతున్నాడు. ఆ పక్క, ఈ పక్క, మళ్ళీ ఆ పక్క. తల పైకెత్తలేదు కాబట్టి ఆవిడ మొహం అతనికి కనపడలేదు. ముందు రోజు నుంచి చచ్చినట్టున్న అతని మొహంలోకి రక్తం వచ్చింది.

"బాగుంది మిరపకాయా," అన్నాడు సందంతా వినపడేలా. "ఇది బాగుంది. ఈ పిల్లకి ఏమీ అయ్యేది కాదు."

ఆ తిట్లు వినాల్సిన మనిషి అక్కడ లేడు. ఉన్నవాడికి వినపడలేదు. ఒక్కటి పోకుండా అన్నీ నేనే విన్నాను.